తండ్రి యజ్ఞం, మేనత్త చైత్యం

కిందటి సంక్రాంతికి మిర్యాలగూడలో మా మేనత్త ఇంట్లో ఒక ఫోటో మీద గొడవైంది. బావ ఫోన్‌కి ఎవరో పంపిన ఫోటో. నాగార్జునకొండలో దొరికిన ఒక పాతకాలపు శిల్పం. అందులో రాజులాంటి మనిషి ఒకడు లింగంలా కనిపించే దాని మీద కాలు పెట్టి ఉన్నాడు. కింద ఎర్రక్షరాల్లో ఏదో రెచ్చగొట్టే వాక్యం.

"చూసినవా, మన పక్కనే ఏలిన రాజు బౌద్ధంలోకి పోయి శివలింగాన్ని తొక్కిండంట" అన్నాడు బావ. సూర్యాపేట నుంచి వచ్చిన మా చిన్నాయన రిటైర్డ్ టీచర్. ఆయన ఊరుకోలేదు. "మరి ఆ ఆరామాలన్నీ ఎవరు కూలగొట్టిన్రు? అది గూడ చెప్పు" అన్నాడు. అక్కణ్ణుంచి మాట ఈ కాలానికి వచ్చేసింది. ప్రభుత్వం వేద పాఠశాలలకి డబ్బివ్వొచ్చా, మదర్సాలకి ఇవ్వొచ్చా, నాయకుడనేవాడు తన భక్తిని ఇంట్లో పెట్టుకోవాలా, ఊరంతా చూపించాలా. నేను హైదరాబాద్ నుంచి వచ్చిన తెలివిగలవాణ్ణి కాబట్టి, "అసలు రాజుకి మతమే ఉండకూడదు" అని ఒక ముక్క పడేసి పక్కకి జరిగాను. అన్నాల దగ్గర ఈ లొల్లి ఏందని అత్త కసిరేదాకా అది ఆగలేదు.

తిరిగొచ్చాక నా ముక్క నాకే అతకలేదు. ఆ ఫోటోలో ఉన్నాడంటున్న రాజు గురించి నాకు తెలిసింది ఇంటర్‌లో చదివిన రెండు లైన్లు. ఇక్ష్వాకులు, విజయపురి రాజధాని, బౌద్ధాన్ని ఆదరించారు. అంతే. దాంతో వీకెండ్లలో కూర్చుని శాసనాల అనువాదాలు చదవడం మొదలుపెట్టాను. నేను చరిత్రకారుణ్ణి కాను. రోజూ ఎవరో రాసిన పాత కోడ్ చదివి, వాళ్ళు ఏమనుకుని రాశారో ఊహించడం నా ఉద్యోగం. శాసనం చదవడం కూడా కొంచెం అలాంటి పనే అనిపించింది. రాసినవాడు ఎదురుగా ఉండడు. రాసింది మాత్రం ఉంటుంది.

మ్యాప్‌లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్ని కలిపి ఒక త్రికోణం గీయండి. సూర్యాపేట నుంచి జనగామ వైపు వెళితే ఫణిగిరి, పాము పడగలాంటి గుట్ట మీద బౌద్ధారామం. కోదాడ నుంచి ఖమ్మం దారి పడితే నేలకొండపల్లి స్తూపం. అదే కోదాడ నుంచి విజయవాడ హైవే మీద రాష్ట్ర సరిహద్దు దాటగానే జగ్గయ్యపేట స్తూపం. మిర్యాలగూడ నుంచి నైరుతి వైపు వెళితే నాగార్జునసాగర్, ఆ నీళ్ళ అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మేం టీ తాగడానికి ఆగే రోడ్ల పక్కనే, ఇప్పటికి దాదాపు 1700 ఏళ్ళ కిందట, ఒక రాజకుటుంబం మతాన్నీ చదువునీ ఎలా పోషించిందో చెప్పే రాళ్ళున్నాయి.

ఇక్ష్వాకులు శాతవాహనుల తర్వాత వచ్చారు. క్రీ.శ. 3వ శతాబ్దం మొదటి పాతిక చివర్లో మొదలై, ఇంచుమించు వందేళ్ళు ఏలారు. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. పక్కా వైదికుడు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడని, కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళ భూమి దానం చేశాడని, మహాసేనుడి, అంటే కుమారస్వామి, అనుగ్రహం పొందినవాడని శాసనాల్లో ఉంది. లక్షలూ కోట్లూ పొగడ్త లెక్కలే కావచ్చు. భక్తి మాత్రం ఎటువైపో స్పష్టంగానే ఉంది.

నన్ను ఆపింది ఈ వివరాలు కాదు, ఇవి చెక్కి ఉన్న చోటు. ఈ పొగడ్త మనకి పదేపదే కనిపించేది ఏ యజ్ఞశాల దగ్గరో కాదు. నాగార్జునకొండ మహాచైత్యం చుట్టూ నిలబెట్టిన ఆయక స్తంభాల మీద. బుద్ధుడికి నమస్కారంతో మొదలయ్యే శాసనం, ఆ వెంటనే అశ్వమేధం చేసిన రాజుని పొగిడి, ఆ తర్వాత బౌద్ధాచార్యులకి ఇచ్చిన దానం సంగతి చెబుతుంది. అదే రాయి మీద, అదే వాక్యంలో. రాయించినవాళ్ళకి ఇందులో ఇబ్బందేమీ కనిపించినట్టు లేదు. ఇబ్బంది పడింది నేను. ఒక మనిషి ఒక గడిలోనే ఉండాలి, హిందువు అని టిక్కు పెడితే బౌద్ధుడు అనే గడి ఖాళీగా ఉండాలి అనుకునే ఫారం అలవాటు నాది.

రాయించింది ఎవరంటే, ముఖ్యంగా శాంతిశ్రీ. శాసనాల ప్రాకృతంలో చాంతిసిరి. శాంతమూలుడి తోబుట్టువు, పూకీయ వంశపు మహాతలవరుడు స్కందశ్రీ భార్య. అన్న కొడుకు వీరపురుషదత్తుడు రాజ్యం చేస్తున్న 6వ ఏట మహాచైత్యం పని ఆమె చేతుల మీదుగా పూర్తయింది. తర్వాత 12 ఏళ్ళకి, ఆ రాజు 18వ ఏట, అదే ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. అందులో వీరపురుషదత్తుణ్ణి ఆమె అల్లుడు అని పిలిచింది. మేనల్లుడే అల్లుడు. ఆమె అక్కచెల్లెళ్ళలో మరొకామె హమ్మశ్రీ కూతుళ్ళు బాపిశ్రీ, షష్ఠిశ్రీ కూడా ఈ రాజు భార్యలే. మన ఇళ్ళల్లో మేనరికం అని పిలుచుకునేదే, శిలాక్షరాల్లో. ఇది చదువుతుంటే ఆ రాజకుటుంబం ఒక్కసారిగా మా అత్తగారింటి వరండాలోకి వచ్చి కూర్చున్నట్టయింది. రాజు తండ్రి యజ్ఞాలు చేశాడు. పిల్లనిచ్చిన మేనత్త చైత్యం కట్టింది. పండక్కి అందరూ ఒకచోటే కలిసి ఉంటారు కదా!

శాంతిశ్రీని పొగుడుతూ శ్రమణులకీ, బ్రాహ్మణులకీ, దీనులకీ ఎడతెగకుండా దానమిచ్చేదని రాశారు. తన దానం వల్ల పుట్టింటికీ మెట్టినింటికీ, రెండు కులాలకీ మేలు కలగాలని, తనకి నిర్వాణం దక్కాలని ఆమె కోరుకుంది. భక్తి, బంధుత్వం, రాజకీయం ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విడదీయడం నాకు చేతకాలేదు. బహుశా ఆమెకీ ఆ అవసరం వచ్చి ఉండదు.

ఇందులో చదువు ఎక్కడుంది అంటే, మహాచైత్యం పని చూసిన భిక్షువు పేరు దగ్గరుంది. ఆయన పేరు ఆనందుడు. ఆయన గురించి శాసనం చెప్పే అర్హత ఏమిటంటే, దీఘ నికాయం, మజ్ఝిమ నికాయం కంఠతా వచ్చినవాడని. ఆయన గురువులు కూడా ఆ నికాయాల్నీ, మాతృకల్నీ వల్లించి బోధించే ఆచార్యులు. మాతృకలంటే ధర్మ విషయాల్ని వరుసగా పేర్చిన పట్టికలు, ఇవాళ మనం ఇండెక్స్ అనేలాంటివి. కట్టడం పని చూసిన మనిషికి ఇంజినీరింగ్ బిరుదు కాకుండా ఈ డిగ్రీ రాశారు.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. గ్రంథం ప్రధానంగా మనిషి నోట్లో ఉన్న కాలంలో బడి అంటే భవనం కాదు, మనిషి. దీఘ నికాయం తెలిసినవాడు ఆకలితో వలస పోతే ఆ ఊళ్ళో దీఘ నికాయం లేనట్టే. కాబట్టి చదువుని పోషించడమంటే ఆ మనిషికి గది, తిండి, బట్ట, వానాకాలం నాలుగు నెలలు తల దాచుకునే కప్పు ఇవ్వడం. శాసనాల్లో గదులు, మండపాలు, చెరువుల జాబితాలు చదివితే మొదట విసుగనిపిస్తుంది. అవే అప్పటి విద్యాశాఖ పద్దులు అనుకుని చదివితే విసుగు పోతుంది.

అలాంటి పద్దుల్లో అన్నిటికన్నా నచ్చింది బోధిశ్రీ రాయించింది. వీరపురుషదత్తుడి 14వ ఏటిది. ఈమె రాణి కాదు, ఉపాసిక. చుళధమ్మగిరి మీద చైత్యగృహం ఇచ్చింది లంక నుంచి వచ్చిన థేరవాద ఆచార్యులకి. వాళ్ళు కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాల్లో ధర్మం బోధించినవాళ్ళ పరంపర అని దేశాల పేర్లన్నీ వరసగా చెప్పుకుంది. ఆ తర్వాత తన చిట్టా: సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట ధ్యానశాల, ఒకచోట చెరువు, ఒకచోట మూడు గదులు, మరోచోట ఏడు గదులు. ఏడంటే ఏడే. యజ్ఞాల్లో లక్షలు దానమిచ్చిన రాజు లెక్క కంటే నేను ఈ ఏడు గదుల లెక్కని నమ్ముతాను.

జగ్గయ్యపేటలో ఇంకా కిందికి దిగొచ్చు. అక్కడ ఆయక స్తంభాలు నిలబెట్టింది సిద్ధార్థుడనే శిల్పి. వీరపురుషదత్తుడి 20వ ఏట. రాజుగారి పేరు తేదీ కోసం ఉంది, దానం మాత్రం పనివాడిది.

మళ్ళీ ఫోటో దగ్గరికి వస్తాను. కాలు పెట్టిన ఆ రాజు వీరపురుషదత్తుడని, శైవం వదిలి బౌద్ధం పుచ్చుకున్న సందర్భమే ఆ శిల్పమని కొందరు చరిత్రకారులు రాశారు. వాట్సాప్‌కి అది ఎక్కడి నుంచో ఇలా దిగొచ్చింది. కానీ ఆ రాజుకి ఆ పేరు పెట్టింది చరిత్రకారుల ఊహే. అది నిజమే అనుకున్నా, పక్కన పెట్టి చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఇదే రాజు కాలంలో, బౌద్ధ స్తంభాల మీదే, అతని తండ్రి యజ్ఞాల్ని గర్వంగా చెక్కారు. తండ్రి దేవుణ్ణి తొక్కినవాడు తండ్రి పూజల్ని పొగిడే రాళ్ళని తన ఊరి నడుమ ఎందుకు నిలబెట్టనిస్తాడు? ఇంకో సంగతి. ఈ రాజు హయాంలో బౌద్ధానికి పెద్ద దానాలు చేసినవాళ్ళుగా శాసనాల్లో కనిపించేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు, ఉపాసికలు, ఉద్యోగుల కుటుంబాలు, పనివాళ్ళు. 'బౌద్ధాన్ని ఆదరించిన ఇక్ష్వాకు రాజులు' అని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యంలో కర్త తప్పు.

తర్వాతి రాజు ఎహువుల శాంతమూలుడు. ఇతని కాలంలో కృష్ణ ఒడ్డున గుళ్ళు లేచాయి. పుష్పభద్రస్వామికి, కార్తికేయుడికి, సర్వదేవుడికి. మన దక్షిణాదిలో రాతితో, ఇటుకతో కట్టిన తొలి గుళ్ళలో ఇవీ ఉన్నాయి. ఇక బౌద్ధం పని అయిపోయిందనుకుంటాం. కానీ ఇతని 2వ ఏటే తల్లి భట్టిదేవి బహుశ్రుతీయ ఆచార్యులకి విహారం కట్టించింది. ఆ శాఖ పేరులోనే బాగా చదువుకున్నవాళ్ళన్న అర్థం ఉంది. ఇతని 11వ ఏట ఎలిశ్రీ సర్వదేవుడి గుడి కట్టాడు. అదే 11వ ఏట రాజు తోబుట్టువు, వనవాసి రాజుకి భార్యగా వెళ్ళిన కొడబలిశ్రీ, మహీశాసక ఆచార్యులకి విహారం కట్టించింది. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాదిలో, ఒకే ఇంటి నీడలో ఇటు గుడి, అటు విహారం. ఆ ఏడాది విజయపురి రాళ్ళపనివాళ్ళకి తీరిక దొరికి ఉండదు.

ఇదంతా చదివి, అప్పుడంతా సామరస్యమే, మనమే చెడిపోయాం అని రాసేయడం తేలిక. నేనూ దాదాపు రాసేశాను. ఫణిగిరి ఆపింది.

ఫణిగిరిని నిజాం కాలంలోనే, 1940లలో తవ్వారు. తర్వాత ఈ శతాబ్దం మొదట్లో మళ్ళీ తవ్వితే బుద్ధుడి కథలు చెక్కిన తోరణ ఫలకాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అక్కడే ఉంది చివరి ఇక్ష్వాకు రాజుల్లో ఒకడైన రుద్రపురుషదత్తుడి 18వ ఏటి శాసనం. ధర్మచక్రం నిలబెట్టించింది రాజుగారి ప్రధాన వైద్యుడు. శాసనంలోని పద్యాలు బుద్ధుణ్ణి పురాణ దేవుళ్ళతో పోల్చి, వాళ్ళ కన్నా పైన నిలబెడతాయి. మెత్తటి మాటలేం కావు. అంటే కొలువులో పనిచేసే వైద్యుడు రాజు పేరు చెబుతూనే మా దేవుడు మీ దేవుళ్ళ కన్నా గొప్ప అని రాయి మీద వాదించగలిగాడు. వాళ్ళకి భేదాల్లేక కాదు, ఉండే కలిసున్నారు. వాదనలు అప్పుడూ ఉన్నాయి, మా అత్తగారింట్లో ఉన్నట్టే. కాకపోతే వాదించిన వైద్యుడి పక్కన ఇంకొకరి గుడి కూడా నిలబడే ఉంది.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. లక్ష నాగళ్ళ భూమి అన్నప్పుడు ఆ నాగళ్ళు దున్నినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. భిక్షువుల గదుల్లోకి చేరిన తిండి ఎవరో పండించిందే. వాళ్ళ పిల్లలకి ఆ ఏడు గదుల్లో చోటు దొరికిందో లేదో ఆ రాళ్ళు చెప్పవు. పైగా ఈ పోషణ ఎంత పలచనిదో కూడా తెలుస్తుంది. 4వ శతాబ్దం మొదటి భాగంలో ఇక్ష్వాకుల పాలన ముగిసింది. దాంతో విజయపురిలో 30కి పైగా ఉన్న బౌద్ధ కట్టడాల వైభవమూ తగ్గిపోయింది. మా చిన్నాయన అడిగిన 'ఎవరు కూలగొట్టిన్రు' అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబులో గొడ్డలి కంటే ఖాళీ గిన్నె ఎక్కువ కనిపిస్తోంది. దాతలు పోయారు, గదులు మిగిలాయి, గదుల్లో ఉండాల్సిన మనుషులు వెళ్ళిపోయారు.

మిగిలిన గదుల్ని ముంచింది మాత్రం మనమే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. పురావస్తు శాఖవాళ్ళు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని గుట్ట మీదికీ, అనుపుకీ మార్చి కట్టారు. గుట్ట ద్వీపమైంది. 1967లో కాలువలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకి పారాయి. మిర్యాలగూడకి ఇన్ని రైస్ మిల్లులు వచ్చింది ఆ నీళ్ళ వల్లే. మా బావ గుమాస్తాగా పనిచేసేది అలాంటి మిల్లులోనే. శాంతిశ్రీ విహారాల మీద నిలిచిన నీళ్ళతో పండిన అన్నమే మేం ఆ రోజు తింటూ కొట్లాడుకున్నది. దీనికి బాధపడాలో, కృతజ్ఞతగా ఉండాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆచార్య నాగార్జునుడు రాజుకి చెప్పినట్టుగా రాసిన 'రత్నావళి'లో ఒక సలహా ఉంది. దేశంలో బడులున్న చోటల్లా ఉపాధ్యాయుల బతుకుతెరువుకి ఏర్పాట్లు చెయ్యి, భూములివ్వు అని. ఆయన ఈ కొండ మీదే ఉన్నాడని చెప్పడానికి ఇక్ష్వాకు శాసనాల్లో ఆధారం లేదు. కొండకి ఆయన పేరు సంప్రదాయం తెచ్చిపెట్టింది. అయినా ఆ సలహా మాత్రం ఇక్కడికి అతికినట్టు సరిపోతుంది. అందులో రాజు ఏ దేవుణ్ణి కొలవాలన్న దాని కంటే బడిపంతులు ఏం తినాలన్నది ఎక్కువ పనికొచ్చే ప్రశ్నగా నాకు కనిపించింది.

నాయకుడి భక్తి గురించి మనం మాట్లాడుకునేదంతా అతని నుదుటి చుట్టూ తిరుగుతుంది. బొట్టు పెట్టుకున్నాడా, టోపీ పెట్టుకున్నాడా, ఏ గుడికి వెళ్ళాడు, ఏ దర్గాకి వెళ్ళలేదు. శాంతమూలుడి కాలం నుంచి నేను నేర్చుకున్న ప్రశ్నలు వేరు. అతను నమ్మని చదువుకి అతని రాజ్యంలో గది దొరుకుతోందా? అతని ఇంట్లోవాళ్ళు వేరే దారిలో దానం చేస్తే అతను అడ్డుపడుతున్నాడా? ఆ దానం అతని పేరు మీదే నడవాలా, శిల్పి సిద్ధార్థుడి పేరు మీద కూడా నడవచ్చా? అతను పోయాక ఆ బడి ఉంటుందా? చివరి ప్రశ్నకి ఇక్ష్వాకులు కూడా తప్పారు. అందుకే 'రాజుకి మతం ఉండకూడదు' అన్న నా ముక్కని వెనక్కి తీసుకుంటున్నాను. శాంతమూలుడికి కావలసినంత మతం ఉంది. చెల్లెలి చైత్యానికి అది అడ్డురాలేదు.

మొన్న జనవరిలో మళ్ళీ మిర్యాలగూడ వెళ్ళాను. బావకి ఇదంతా చెప్పాను. "అయితే తొక్కలేదంటవా?" అన్నాడు. తొక్కాడో లేదో ఆ బొమ్మ ఒక్కటే చూసి చెప్పలేం అన్నాను. "మరి ఇన్ని నెలలు ఏం చదివినవ్ రా?" అని నవ్వాడు.

అప్పుడే అత్త లోపలి నుంచి పిలిచింది. ఆమె ఏటా పంట వచ్చాక రెండు బస్తాలు పక్కన పెడుతుంది. ఒకటి ఊరి గుళ్ళో అన్నదానానికి, ఒకటి జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకి. మా మామ బతికున్నప్పుడు ఏ గుడి మెట్టూ ఎక్కని మనిషి. కానీ ఆ బస్తాలు బండికెత్తింది ఏటా ఆయనే. ఈసారి బావకి నడుం నొప్పి. ఉర్సు బస్తా నేనెత్తాను.